కొలనోస్కోపీకి ముందు కడుపు శుభ్రం: ఏ మందు, ఏ వేళ, ఎవరికి

కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేయించుకోమని డాక్టరు రాసిచ్చాక బెజవాడలో, గుంటూరులో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఆ పౌడర్ రెండు లీటర్లు తాగాలంట కదండీ, ఇంకేదీ లేదా?" ఎండోస్కోపీ గది బయట కూర్చుని ప్రిపరేషన్ వివరించడం నా ఉద్యోగం. ఈ ప్రశ్న రోజూ వింటాను. వేరే మందులు ఉన్నాయి. అయితే రుచిని బట్టో, గ్లాసుల లెక్కను బట్టో ఎంచుకుంటే పొరపాటు జరుగుతుంది. ముందు చూసుకోవాల్సినవి మూడు. మీ కిడ్నీలూ గుండే ఎలా ఉన్నాయి? పరీక్ష ఎన్ని గంటలకు? ముందు రోజు రాత్రి మీరు ఎక్కడ పడుకుంటారు? ఇవి తేలితే మందు దాదాపు తేలినట్టే. నిర్ణయం మీ డాక్టరుదే. కానీ ఆయనకు ఏం చెప్పాలో, ఆయన్ని ఏం అడగాలో తెలుసుకుని వెళ్లడం మీ చేతుల్లో ఉంది.

మందుల సంగతి

మన దగ్గర ఎక్కువగా రాసేది పాలిఇథిలీన్ గ్లైకాల్, అంటే పెగ్ పౌడర్. పెగ్లెక్ పేరు మీరు వినే ఉంటారు. ఒక ప్యాకెట్‌ను 2 లీటర్ల నీళ్లలో కలిపి, గ్లాసు తర్వాత గ్లాసు 10–15 నిమిషాలకొకటి చొప్పున తాగాలి. ఈ మందు ఒంటికి పట్టదు. నీటిని పేగులోనే పట్టి ఉంచి, లోపలున్నదాన్ని తోసుకుంటూ బయటకు వచ్చేస్తుంది. అందులో సోడియం, పొటాషియం లవణాలు తూకంగా కలిపి ఉంటాయి కాబట్టి ఒంట్లోని నీరూ ఉప్పూ పెద్దగా అటూ ఇటూ కావు. దీని బలమంతా అక్కడే ఉంది. వయసు పైబడినవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, గుండె బలహీనంగా ఉండి ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవాళ్లకు, లివర్ దెబ్బతిని కడుపులో నీరు చేరేవాళ్లకు డాక్టర్లు మొదట దీనివైపే చూసేది అందుకే.

దీని ఇబ్బంది కూడా దాచాల్సిన పని లేదు. ఉప్పగా, కాస్త జిగటగా ఉంటుంది. నాలుగో గ్లాసు వచ్చేసరికి వికారం మొదలవుతుంది. ఫ్రిజ్‌లో చల్లబెట్టి, స్ట్రాతో నాలుక వెనక్కి పోయేలా తాగితే చాలామందికి సులువవుతుంది. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య నిమ్మ చెక్క నాలుకకు రాసుకోవచ్చు. పంచదార గానీ, జ్యూస్ గానీ ఆ ద్రావణంలో కలపకండి, దాని తూకం చెడుతుంది. వాంతి వచ్చేలా ఉంటే అరగంట ఆగి మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టండి. ప్రయాణాల్లో కూడా వాంతులయ్యే మనిషైతే ముందే చెప్పండి, వాంతి ఆగే మాత్ర ముందుగా వేసుకోమని రాస్తారు.

రెండోది సోడియం పికోసల్ఫేట్, మెగ్నీషియం సిట్రేట్ కలిసిన చిన్న ప్యాకెట్లు. పికోప్రెప్ ఈ రకమే. ఒక్కో ప్యాకెట్‌ను 150 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే చాలు, నారింజ రుచి వస్తుంది. కలిపేటప్పుడు గ్లాసు వేడెక్కుతుంది. పౌడర్ పాడైందేమో అని పారబోసినవాళ్లున్నారు. అది ఆ మందు స్వభావం, చల్లారే దాకా కలిపి తాగండి. ఇక్కడ ఒక అపోహ ఉంది. "దీనికైతే కొంచెం తాగితే సరిపోతుంది" అనుకుంటారు. మందు కొంచెమే. కానీ మొదటి ప్యాకెట్ తర్వాత లీటరుకు పైగా, రెండో ప్యాకెట్ తర్వాత ముప్పావు లీటరు దాకా ద్రవాలు తాగాలి. అవి తాగకపోతే కడుపు సరిగ్గా శుభ్రం కాదు, మనిషి నీరసించిపోతాడు. ఈ మందు ఒంట్లోంచి నీటిని పేగులోకి లాగుతుంది మరి. వట్టి మంచినీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం కూడా ఉంది, ముఖ్యంగా పెద్దవాళ్లలో. ఓఆర్ఎస్, ఉప్పూ పంచదారా వేసి వడకట్టిన నిమ్మరసం మార్చి మార్చి తాగాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు మెగ్నీషియం పేరుకుపోతుంది కాబట్టి ఈ మందు పనికిరాదు.

మూడోది సల్ఫేట్ లవణాల ద్రావణం, రెండు చిన్న సీసాలుగా వస్తుంది. ఒక్కో సీసాను అర లీటరు దాకా పలచన చేసి తాగి, తర్వాతి గంటలో ఇంకో లీటరు నీళ్లు తాగాలి. రెండు సీసాలకూ కలిపి లెక్క వేయండి, మూడు లీటర్లు! బాగా శుభ్రం చేస్తుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మంచి మందే. ఉప్పూ చేదూ కలిసిన ఘాటు రుచి. కిడ్నీ, గుండె సమస్యలుంటే దీని విషయంలోనూ జాగ్రత్త.

అంటే ఏ మందు తీసుకున్నా కడుపులోకి వెళ్లే మొత్తం ద్రవం రెండు, మూడు లీటర్ల మధ్యే. తేడా ఏమిటంటే పెగ్‌లో ఆ ద్రవమంతా మందు రుచితో ఉంటుంది, మిగతా వాటిలో చాలా భాగం మీకు నచ్చిన రుచిలో తాగవచ్చు. నలభై ఏళ్ల ఆరోగ్యవంతుడు పెగ్ తాగలేనంటే పికోసల్ఫేట్ అడగడంలో తప్పేమీ లేదు. డెబ్భై ఏళ్ల అమ్మకు, నాన్నకు మాత్రం రుచి కోసం మందు మార్చమని నేను చెప్పను.

నాలుగోది సోడియం ఫాస్ఫేట్. ఇది చిన్న సీసా, తాగడం సులువు, ఒకప్పుడు విరివిగా వాడేవారు. దీనివల్ల కిడ్నీల్లో ఫాస్ఫేట్ పేరుకుని అవి శాశ్వతంగా దెబ్బతిన్న సందర్భాలు బయటపడ్డాక, 2008 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రకం మందులపై అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. వయసు మళ్లినవాళ్లకు, ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు, కొన్ని రకాల బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు వాడేవాళ్లకు ప్రమాదం ఎక్కువ. మే నెలలో బెజవాడ ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఒంట్లో నీరు తగ్గనివాళ్లెవరు? పైగా ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టి పీడిస్తోందో మనకు తెలుసు. ఆ వైపు నుంచి వచ్చేవాళ్లు, కిడ్నీ బాగానే ఉందని అనుకునేవాళ్లు కూడా, ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఒకటి చేయించుకుని ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. చిన్న రక్తపరీక్ష అది. మందుల షాపులో సీసా చేతికిస్తే దాని మీద ఫాస్ఫేట్ అని ఉందేమో చూసి, ఉంటే తాగే ముందు రాసిన డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

విరేచనం కావడానికి వేసుకునే డల్కొలాక్స్ మాత్రలు వీటికి తోడుగా ఇస్తారు. మలబద్ధకం ఉన్నవాళ్లకు ఉపయోగమే కానీ అవి ఒక్కటే సరిపోవు. ఆముదం తాగి వస్తామనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, సునాముఖి కషాయం అడిగేవాళ్లూ ఉన్నారు. విరేచనం కావడం వేరు, పేగు గోడ అద్దంలా కనపడటం వేరు. వీటితో రెండోది జరగదు. మలబద్ధకానికి ఇంట్లో ఉండే లాక్టులోజ్ సిరప్‌ను కూడా దీనికి వాడుకోవద్దు. అది పేగులో పులిసి మండే వాయువు తయారవుతుంది, పాలిప్‌ను, అంటే పేగు గోడ మీద పెరిగే చిన్న కండను, కరెంటుతో కోసే సమయంలో అది ప్రమాదం.

"స్కాన్‌లో చూస్తే ఈ తాగుడు తప్పుతుందా?" అని అడిగేవాళ్లకు ఒక మాట: పెద్దపేగును స్కాన్‌తో చూసే సీటీ కొలనోగ్రఫీకి కూడా పేగు శుభ్రం కావాల్సిందే.

రాత్రే మొత్తం తాగాలా, సగం తెల్లవారుజామునా?

నన్నడిగితే మందు పేరు కంటే ఈ ప్రశ్న పెద్దది. చాలామంది రాత్రే మొత్తం తాగేసి హాయిగా పడుకుందామని చూస్తారు. ఆ కోరిక అర్థమవుతుంది. కానీ మనం పడుకున్నా చిన్నపేగు పడుకోదు. పైత్యరసం, జీర్ణరసాలు రాత్రంతా కిందికి దిగి, పెద్దపేగు కుడివైపు మొదటి భాగంలో పసుపుపచ్చని పూతలా అంటుకుంటాయి. కుడివైపు పెరిగే పాలిప్‌లలో కొన్ని బల్లపరుపుగా, పేగు గోడ రంగులోనే ఉంటాయి. ఆ పూత కింద అవి కనపడవు. రేపు క్యాన్సర్‌గా మారగలిగినదాన్ని ఇవాళే తీసేయడానికే కదా ఇంత కష్టపడేది. కనపడకుండా పోతే ఆ కష్టమంతా వృథా.

అందుకే ఇప్పుడు సగం ముందు రోజు సాయంత్రం, మిగతా సగం పరీక్ష రోజు ఉదయం తాగమంటున్నారు. యూరప్‌లోని జీర్ణకోశ ఎండోస్కోపీ వైద్యుల సంఘం 2019 సూచనల ప్రకారం ఆఖరి డోసు పరీక్షకు 5 గంటల లోపు మొదలుపెట్టి, కనీసం 2 గంటల ముందు ముగించాలి. మత్తు ఇచ్చేటప్పుడు కడుపు ఖాళీగా ఉండాలి కాబట్టి ఆ 2 గంటల గడువు దాటకూడదు. మీ మత్తు డాక్టరు ఇంకా ఎక్కువ సమయం చెప్తే అదే పాటించండి.

ఉదయం 10కి పరీక్ష అనుకోండి. 5కి లేచి మొదలుపెట్టి ఆరున్నర, ఏడుకల్లా ముగించాలి. పరీక్ష 7కే అయితే తెల్లవారుజామున రెండు, మూడు గంటలకే లేవాలి. అలాంటి టైము ఇచ్చారంటే, నిద్ర పాడవుతుందని సగం మానేయకుండా, ఇంకో టైము ఉందేమో అడగండి. మధ్యాహ్నం పరీక్షైతే మొత్తం మందూ ఆ రోజు ఉదయమే తాగినా ఫలితం బాగుంటుంది, రాత్రి నిద్ర కూడా దక్కుతుంది.

ఊరి నుంచి వచ్చేవాళ్లకు

సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఉన్నవాళ్లకు పైన చెప్పిన లెక్క సరిపోతుంది. బందరు నుంచి, తిరువూరు నుంచి, నరసరావుపేట నుంచి వచ్చేవాళ్లకు సరిపోదు. బందరు నుంచి బెజవాడ 70 కిలోమీటర్లు. ఉదయం 5కి రెండో సగం తాగి, ఏడున్నరకు పల్లెవెలుగు ఎక్కి కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే చాలామంది ఎవరికీ చెప్పకుండా ఉదయం డోసు మానేస్తారు. తీరా కెమెరా లోపలికి వెళ్లాక మురుగు కనపడి డాక్టరు మధ్యలోనే ఆపాల్సి వస్తుంది. మళ్లీ పౌడర్, మళ్లీ సెలవు, మళ్లీ ఖర్చు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ముందు రోజు మధ్యాహ్నానికే వచ్చి బంధువుల ఇంట్లో గానీ, ఆసుపత్రికి దగ్గర్లో లాడ్జిలో గానీ ఉండటం. లాడ్జి అయితే గదికి సొంత బాత్రూం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వెస్ట్రన్ కమోడ్, రాత్రంతా నీళ్లు వస్తాయా అనేవి చూసుకుని తీసుకోండి. బంధువుల ఇంట్లో ఒకే బాత్రూం ఉండి పదిమంది ఉంటే మొహమాటపడి మధ్యలో తాగడం ఆపేస్తారు. అలాంటప్పుడు లాడ్జే మేలు.

రెండోది, మధ్యాహ్నం టైము అడగడం. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. పరీక్ష 2 గంటలకైతే ఇంట్లోనే ఉదయం 7కి మొదలుపెట్టి, రెండో సగం 9కి అందుకుని 10కి ముగించవచ్చు. పదకొండున్నరకల్లా మోషన్స్ చాలావరకు నెమ్మదిస్తాయి, అప్పుడు బయల్దేరవచ్చు. కారు అయితే మంచిది, దారిలో ఆపుకోవచ్చు. బస్సు తప్పకపోతే పెద్దవాళ్లకు వాడే డైపరు వేసుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. టైము రాసే కౌంటర్ దగ్గర "మేం ఊరి నుంచి వస్తున్నాం, మధ్యాహ్నం ఇవ్వండి" అని మీరు అడగకపోతే వాళ్లకు తట్టకపోవచ్చు. అడగండి. మంగళగిరి ఎయిమ్స్ అయినా, గుంటూరు పెద్దాసుపత్రి అయినా, ప్రైవేటు అయినా ఇది అడగదగ్గ విషయమే.

ఆసుపత్రిలో చేరి తాగడం మూడో దారి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు, లేచి నడవలేనివాళ్లకు, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు, గుండె బాగా బలహీనమైనవాళ్లకు అది అవసరం. నడవగలిగి, ఇంట్లో తోడున్నవాళ్లకు ఇల్లే నయం. సొంత బాత్రూం దగ్గరుంటే ఎవరైనా ధైర్యంగా తాగుతారు.

ముందు రోజు పళ్లెంలో

ముందు రోజంతా నీళ్ల మీదే ఉండాలనే నియమం చాలామందికి ఇప్పుడు అక్కర్లేదు. మధ్యాహ్నం దాకా పీచు లేని తిండి తిని, ఆ తర్వాత పలచని ద్రవాల మీద ఉన్నా పేగు అంత శుభ్రంగానూ వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు, నీరసం ఆగనివాళ్లకు ఇది ఎంతో ఊరట. మీ ఆసుపత్రి కాగితంలో రోజంతా ద్రవాలే అని ఉంటే, ఇలా తినవచ్చా అని ఒకసారి అడగండి. మలబద్ధకం బాగా ఉన్నవాళ్లు మాత్రం వాళ్లు చెప్పిందే చేయాలి.

మన జిల్లాల భోజనంలో మానాల్సినవే ఎక్కువ. గోంగూర, తోటకూర, ములక్కాడ, పప్పు, నువ్వుల పొడి, వేరుశనగ పచ్చడి, ఆవకాయ, తాలింపులో ఆవాలు, జీలకర్ర. మిరపకాయ గింజలు, టమాటా గింజలు పేగు మడతల్లో రెండు మూడు రోజులు ఉండిపోతాయి. కెమెరా గొట్టంతో నీటిని పీల్చేటప్పుడు అడ్డుపడి గొట్టం మూసుకుపోతుంది. అందుకే గింజలూ ఆకుకూరలూ మూడు రోజుల ముందు నుంచే తగ్గించమంటాం. జామ, దానిమ్మ, సీతాఫలం కూడా అంతే. తినగలిగినవి: ఇడ్లీ (సాంబారు, కొబ్బరి చట్నీ లేకుండా), మెత్తగా వండిన తెల్లన్నం, పెరుగు, ఉడికించిన గుడ్డు, మైదా బ్రెడ్. పచ్చడి ముద్ద లేకుండా అన్నం దిగనివాళ్లకు ఇది కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు. కారం కావాలంటే మిరియాల చారు గుడ్డలో వడకట్టి పోసుకోండి.

మధ్యాహ్నం తర్వాత గ్లాసు అవతలి వైపు కనపడే ద్రవాలే. కొబ్బరి నీళ్లు, వడకట్టిన నిమ్మరసం, ఓఆర్ఎస్, పాలు లేని టీ. మజ్జిగ పలచగా ఉన్నా అది పాల వర్గమే, వద్దు. రాగి జావ వద్దు. ఎర్రటి షర్బత్‌లు, పుచ్చకాయ, ద్రాక్ష రసం వద్దు, లోపల రక్తంలా కనపడి గందరగోళం చేస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కొబ్బరి నీళ్లు అడగకుండా తాగకూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ.

రోజువారీ మాత్రలు

ఐరన్ మాత్రలు వారం ముందు ఆపమంటారు, అవి మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి. ఇసబ్‌గోల్ కూడా ఆపాలి. షుగర్ మాత్రల్లో గ్లిమిపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ ఎప్పటి మోతాదులోనే తీసుకుని తిండి తినకపోతే షుగర్ పడిపోతుంది, కాబట్టి మోతాదు ముందే అడిగి రాయించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు తప్పక చెప్పాలి. వీటిని సాధారణంగా 3 రోజుల ముందే ఆపిస్తారు. ఉపవాసంలో వీటివల్ల రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది, షుగర్ రీడింగ్ మామూలుగా ఉన్నా అది రావచ్చు. బరువు తగ్గే ఇంజెక్షన్లు తీసుకుంటుంటే అదీ చెప్పండి. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచన చేసే మందులు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. స్టెంట్ వేయించుకున్న మనిషి పక్కింటివాళ్ల సలహా మీద వాటిని ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. గుండె డాక్టరుతో మాట్లాడించండి.

కడుపు బిగుసుకుపోయి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోనివాళ్లు ఏ మందూ తాగకూడదు. అది పేగు అడ్డుపడటం కావచ్చు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. తాగడం మొదలుపెట్టాక తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం, రక్తం పడటం ఉన్నా అంతే. మోషన్స్ మొదలు కాకముందే మలద్వారం చుట్టూ కొబ్బరి నూనెగానీ వాసెలిన్‌గానీ రాసుకుంటే మంట ఉండదు. పెద్దవాళ్లున్న ఇంట్లో రాత్రంతా బాత్రూం దారిలో లైటు వేసి ఉంచండి, తడి నేల తుడవండి, ఒకరు పక్కనే పడుకోండి. ఈ రాత్రుల్లో జారిపడి తుంటి విరిగితే ఆ బాధ ముందు కొలనోస్కోపీ ఏపాటిది?

శుభ్రమైందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆఖరి మోషన్స్ మూత్రం రంగులో, అడుగు కనపడేంత తేటగా రావాలి. లేత పసుపు రంగు ఉన్నా ఫర్వాలేదు. పరీక్ష తర్వాత రిపోర్టులో బోస్టన్ స్కేలు అని ఒక అంకె ఉండవచ్చు. పెద్దపేగును మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు, మొత్తం 9కి. ప్రతి భాగంలోనూ కనీసం 2 ఉంటే శుభ్రంగా చూడగలిగారని అర్థం. ఏ భాగంలోనైనా 0 గానీ 1 గానీ ఉంటే "అంతా నార్మల్" అన్న మాటతో ఇంటికి వచ్చేయకుండా, మళ్లీ ఎప్పుడు చూడాలో అడగండి. ఆ అంకెతో పాటు ఏ మందు, ఎన్ని గంటలకు తాగారో రిపోర్టు వెనక రాసి పెట్టుకోండి, తర్వాతిసారి మందు ఎంచుకునేటప్పుడు డాక్టరుకు ఉపయోగపడుతుంది.

ఉదయానికి కూడా గోధుమరంగులో, తునకలతో వస్తుంటే బయల్దేరే ముందే ఎండోస్కోపీ విభాగానికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. డోసు మానేసినా, సగం వాంతి అయినా చెప్పండి, ఎవరూ తిట్టరు. ఇంకో అర లీటరో లీటరో తాగించి అదే రోజు మధ్యాహ్నానికి మార్చే వీలుంటుంది. మత్తు ఇచ్చాక తెలిస్తే ఆ వీలు ఉండదు.